ఎవరిదో పట్టుచీర, ఏథెన్స్‌లో ఒక అమ్మమ్మ

మా అమ్మమ్మ పోయినప్పుడు పెద్దకర్మకి పెట్టడానికి ఒక్క సరైన ఫొటో లేదు. ఉన్నదల్లా పింఛను కోసం తీయించిన పాస్‌పోర్టు సైజుది, అందులో కళ్ళు సగం మూసుకుని, ఎవరో కసిరినట్టు మొహం పెట్టి ఉంది. మామయ్య దాన్నే తీసుకెళ్ళి ఊళ్ళో స్టూడియోలో ఇచ్చాడు. సాయంత్రానికి చేతికొచ్చిన ఫొటోలో అమ్మమ్మ మెరూన్ రంగు పట్టుచీర కట్టుకుని, రెండు పేటల గొలుసు వేసుకుని, వెనకాల నీలం మబ్బులు పెట్టుకుని ఉంది. మొహం ఆవిడదే, మెడ నుంచి కిందంతా స్టూడియో కంప్యూటర్లో ఉన్న ఇంకెవరిదో. ఆవిడ జన్మలో నేత చీర తప్ప కట్టి ఎరగదు. అయినా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, పైగా బాగా వచ్చింది అన్నారు. గొడవంతా ఫ్లెక్సీ దగ్గరొచ్చింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. మామయ్య ఆ ఎండలో మళ్ళీ బండేసుకుని వెళ్ళి, కొత్తది వేయించుకొచ్చేదాకా అన్నం ముట్టలేదు.

చీర ఎవరిదైనా సరే, పేరు మాత్రం తప్పు పోకూడదన్న మాట. అప్పట్లో దీని గురించి పెద్దగా ఆలోచించలేదు. పోయిన అక్టోబర్లో జర్మనీ నుంచి ఏథెన్స్‌కి టికెట్లు చవగ్గా దొరికితే నాలుగు రోజులు వెళ్ళొచ్చాం. అక్కడ ఒక రాయి ముందు నిలబడ్డప్పుడు ఆ మెరూన్ చీర మళ్ళీ గుర్తొచ్చింది, అప్పట్నుంచి ఈ పోస్టు రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నాను.

ఏథెన్స్ వెళ్ళినవాళ్ళందరూ అక్రోపోలిస్ కొండ ఎక్కుతారు, మేమూ ఎక్కాం, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఎర్ము వీధి పట్టుకుని పడమరకి నడిస్తే, చివర్లో షాపులన్నీ అయిపోయాక, కెరమైకోస్ అని ఒక చోటు ఉంటుంది. పేరుకి కుమ్మరివాడ. కుండలు చేసేవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ఊరి గోడ ఆ వాడ మధ్యలోంచి పోయింది, గోడకి రెండు ద్వారాలు, ద్వారాలు దాటి బయటికొచ్చే దారుల పక్కన వరసగా సమాధులు. ఎరిడానోస్ అనే చిన్న వాగు ఇప్పటికీ అందులోంచి పారుతుంది, గడ్డిలో తాబేళ్ళు తిరుగుతుంటాయి, మేం వెళ్ళిన రోజు మనుషుల కన్నా అవే ఎక్కువ ఉన్నాయి. మనకి శ్మశానం అంటే ఊరి చివర, పనుంటే తప్ప ఎవరూ అటు పోరు. ఇక్కడా ఊరి బయటే, కానీ ఊళ్ళోకి రావాలన్నా పోవాలన్నా ఆ సమాధుల మధ్యలోంచే నడవాలి. కావాలనే దారి పక్కన పెట్టారు, వచ్చేపోయేవాళ్ళ కంట పడాలని. గ్రీకులో సమాధికి 'సేమా' అని ఒక మాట ఉంది, దానికి అసలు అర్థం గుర్తు. శవం ఉన్న చోటు కన్నా, ఇక్కడ ఒకరు ఉండేవారు అని చెప్పే గుర్తు ముఖ్యం అన్నట్టు ఉంటుంది ఆ మాట.

బయట దారి పక్కన ఉన్న శిల్పాల్లో చాలావరకు నకళ్ళు, అసలువి మ్యూజియాల్లో పెట్టేశారు. అక్కడే లోపల చిన్న మ్యూజియం ఒకటి ఉంది. నేను చెప్పబోయే రాయి అందులోదే.

ఆవిడ పేరు అంఫరెటే. రాయి క్రీ.పూ. 430-420 మధ్యది. గుడి ముఖద్వారంలా చెక్కిన చట్రంలో ఒక స్త్రీ కుర్చీలో పక్కకి తిరిగి కూర్చుని ఉంటుంది, పైబట్ట తల మీంచి కప్పుకుని. అదే బట్ట మడతల్లో, ఎడమ చేతి మీద, ఒక పసిబిడ్డ. కుడి చేత్తో ఒక చిన్న పిట్టని పట్టుకుని బిడ్డకి చూపిస్తూ ఉంటుంది, బిడ్డ చూపంతా పిట్ట మీదే. ఏడుస్తున్న పిల్లలకి అదిగో కాకి, ఇదిగో పిచ్చుక అని చూపించి మరిపిస్తాం చూడండి, అదే. ఎవరైనా చూడగానే తల్లీబిడ్డా అనుకుంటారు, నేనూ అదే అనుకున్నాను. నున్నటి బుగ్గ, ఒక్క ముడత లేదు, పాతికేళ్ళు కూడా ఉండవనిపించింది. తర్వాత పైన కమ్మీ మీద చెక్కిన అక్షరాల అర్థం చదివాను. నాకొచ్చిన తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: ఇదిగో నా కూతురి బిడ్డని ఎత్తుకుని ఉన్నాను, నా బంగారాన్ని. మేమిద్దరం బతికుండి కళ్ళతో సూర్యుడి వెలుగు చూసినన్నాళ్ళూ ఒళ్ళో పెట్టుకున్న బిడ్డే, ఇప్పుడు పోయినదాన్ని, పోయిన బిడ్డని ఎత్తుకుని ఉన్నాను.

కూతురి బిడ్డ అని రాసి ఉంది కాబట్టి నానమ్మ కూడా కాదు, అమ్మమ్మ. నాకు అక్కడే కాళ్ళు ఆగిపోయాయి. చివరి మాటల్ని గ్రీకులో ఎలా రాశారో కూడా చెప్పాలి: ఫ్థిమెనోన్ ఫ్థిమెనే. పోయిన బిడ్డని పోయిన నేను. ఒకే మాట రెండుసార్లు, ప్రత్యయం ఒక్కటే తేడా, మధ్యలో ఇంకే మాటకీ చోటు లేకుండా ఆనించి పెట్టారు. ఒళ్ళో బిడ్డ ఎలా ఆనుకుని ఉందో మాట కూడా అలాగే ఆనుకుని ఉంది. ఆ పద్యం ఎవరు రాశారో ఎక్కడా లేదు. బిడ్డ పేరూ లేదు, ఉత్త 'బిడ్డ' అంతే.

మరి అమ్మమ్మ అయితే పాతికేళ్ళ మొహం ఏమిటి? దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి, ఆ కాలపు శిల్పులకి మనిషిని ఉన్నట్టు చెక్కడం కన్నా ఉండాల్సినట్టు చెక్కడం ఇష్టం, ఆడవాళ్ళకి ముసలితనం చూపించడం అరుదు. రెండోది, నాకు నచ్చింది: ఈ రాళ్ళలో చాలావాటిని శిల్పులు ముందే చెక్కి పెట్టుకునేవాళ్ళు. కుర్చీలో స్త్రీ, చేతిలో బిడ్డ. నిలబడ్డ యువకుడు, కుక్క. చేతులు కలిపిన భార్యాభర్తలు. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు వచ్చి ఉన్నవాటిలో ఒకటి చూసుకుని పేరు చెక్కించుకునేవాళ్ళు. ఈ రాయి కూడా ఒక తల్లీబిడ్డల కోసం ఉద్దేశించినదేమో, అమ్మమ్మకి సరిపెట్టారేమో అని అనుమానం. నిజంగా అదే జరిగిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ అలా జరిగి ఉంటే ఆ ఇంట్లోవాళ్ళకి అది లోటుగా అనిపించి ఉండదని మాత్రం నాకు గట్టి నమ్మకం, ఎందుకంటే మెరూన్ పట్టుచీర మాకూ లోటు అనిపించలేదు. బొమ్మ దుకాణందే. పైన పద్యం మాత్రం వాళ్ళింటిది.

ఈ కళ్ళతో మర్నాడు నేషనల్ మ్యూజియంకి వెళ్ళాను, అక్కడ ఇంకా వెనక్కి, ఇంకో వందేళ్ళ ముందటి విగ్రహాలు ఉన్నాయి. అప్పట్లో డబ్బున్నవాళ్ళు సమాధి మీద పలకలే కాదు, నిలువెత్తు విగ్రహాలు పెట్టించేవాళ్ళు. మగపిల్లాడైతే బట్టలు లేకుండా, ఎడమ కాలు ముందుకి పెట్టి, పిడికిళ్ళు బిగించి నిలబడ్డ కుర్రాడు, వీటిని కూరోస్ అంటారు. పది విగ్రహాలు పక్కపక్కన పెడితే ఇది మా వాడిది అని తల్లి కూడా గుర్తుపట్టలేదు. అందులో ఒకడు క్రోయిసోస్. క్రీ.పూ. 530 ప్రాంతం, 1.94 మీటర్ల ఎత్తు, ఆ తొడలు చూస్తే మా ఊరి జిమ్ కుర్రాళ్ళు సిగ్గుపడాలి. దొంగలు దీన్ని తవ్వి తీసి, రంపంతో కోసి ముక్కలు చేసి పారిస్ చేర్చారు, 1937లో మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు, కోసిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. దానిదే అనుకుంటున్న పీఠం మీద ఇలా ఉంది: ఆగు, చనిపోయిన క్రోయిసోస్ గుర్తు దగ్గర నిలబడి ఏడువు, ముందు వరసలో ఉన్నవాణ్ణి రెచ్చిపోయిన ఆరెస్ పొట్టన పెట్టుకున్నాడు. ఆరెస్ అంటే యుద్ధ దేవత. పీఠం లేకపోతే అతను ఎవరైనా కావచ్చు, ఏదో దేవుడు కూడా కావచ్చు. ఆ రెండు లైన్లతో ఒక ఇంటి కొడుకయ్యాడు.

ఫ్రాసిక్లియా దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలబడ్డాను. మా ఆయన రెండు గదులు ముందుకి వెళ్ళిపోయి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళిపోయాడు. క్రీ.పూ. 550-540 నాటి విగ్రహం, పారోస్ ద్వీపం నుంచి వచ్చిన అరిస్టియోన్ అనే శిల్పి చెక్కాడు, అతని పేరు కూడా పీఠం మీద ఉంది. తల మీద తామర పూలూ మొగ్గల కిరీటం. చెవులకి దుద్దులు, మెడలో హారం, చేతులకి కడియాలు. కుడి చేత్తో గౌను కుచ్చిళ్ళు పట్టుకుని, ఎడమ చేత్తో ఒక తామర మొగ్గని గుండెల దగ్గర పెట్టుకుని ఉంటుంది. విచ్చుకోని మొగ్గ. ఎందుకో పీఠం చెప్తుంది: ఇది ఫ్రాసిక్లియా గుర్తు. నన్నెప్పటికీ కన్య అనే పిలుస్తారు, పెళ్ళికి బదులు దేవతలు నాకు ఈ పేరే రాసిపెట్టారు.

ఇక్కడ ఒక విషయం. ఆ రోజుల్లో చదవడం అంటే మామూలుగా పైకి చదవడమే. అంటే దారిన పోయే ఎవడో గాడిదలవాడు కూడబలుక్కుని ఈ అక్షరాలు చదివితే, అతని నోటితోనే 'నన్ను కన్య అని పిలుస్తారు' అని ఆ పిల్ల మాట్లాడుతుంది. రాయికి గొంతు లేదు, అందుకని దారిన పోయేవాడి గొంతు అరువు తెచ్చుకుంటుంది. నేను ఖాళీ గదిలో మెల్లగా తెలుగులో పైకి అని చూశాను, ఎవరూ లేరు కదా అనుకున్నాను కానీ కాపలా ఆవిడ తలుపు దగ్గరే ఉంది, నా వంక ఒక చూపు చూసి ఫోన్లోకి వెళ్ళిపోయింది.

ఈ విగ్రహమూ పీఠమూ ఎన్ని వందల ఏళ్ళు విడిగా ఉన్నాయో చెప్తే నమ్మరు. పీఠం ఏథెన్స్‌కి కొంత దూరంలో మెరెండా అనే చోట ఒక చర్చి కట్టడంలో రాయిగా కలిసిపోయి ఉండేది. 18వ శతాబ్దంలోనే దాని మీది అక్షరాలు చదివి రాసుకున్నారు. అంటే రెండు వందల ఏళ్ళకి పైగా పండితులకి ఆ పిల్ల పేరు తెలుసు, ఆ పిల్ల మాట తెలుసు, మనిషి మాత్రం లేదు. 1972లో ఆ దగ్గర్లోనే ఒక గోతిలో ఒక కుర్రాడి విగ్రహమూ ఒక అమ్మాయి విగ్రహమూ పక్కపక్కన పూడ్చిపెట్టి దొరికాయి. విగ్రహాన్ని పీఠంలో బిగించడానికి పోసిన సీసం కూడా దొరికింది, తీసుకెళ్ళి ఆ పీఠం గుంటలో పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది. అప్పటిదాకా పేరు ఒక్కటే ఒంటరిగా ఉంది, మనిషి తర్వాత వచ్చి చేరింది. మట్టిలో భద్రంగా ఉండబట్టి గౌను మీద ఎర్ర రంగు, పువ్వుల అంచు ఆనవాళ్ళు ఇంకా కనిపిస్తాయి. గ్రీకు శిల్పం అంటే తెల్లగా, చల్లగా ఉంటుందని మనకో అభిప్రాయం. ఎండావానా తిని రంగులు పోబట్టి అవి అలా ఉన్నాయి, కొత్తలో మన గుడి గోపురాల్లా ధగధగలాడిపోయి ఉంటాయి.

క్రీ.పూ. 500 ప్రాంతంలో ఇవన్నీ ఏథెన్స్‌లో ఒక్కసారిగా ఆగిపోతాయి. దాదాపు డెబ్భై ఏళ్ళు సొంతవాళ్ళకి చెక్కిన సమాధి శిల్పం దొరకడం గగనం. పది మంది మూడు రోజుల్లో కట్టగలిగిన దానికన్నా పెద్ద సమాధి కట్టకూడదని ఒక చట్టం తెచ్చారని చాలా తర్వాత రోమ్‌లో సిసెరో అనే రచయిత రాశాడు, దానివల్లే ఆగిపోయాయా అన్నది పండితులు తేల్చుకోవాల్సిన గొడవ. చావు ఖర్చు మీదా ఏడుపు మీదా చట్టాలు ఏథెన్స్‌కి కొత్త కాదు. అంతకు ముందే సోలోన్ అనే ఏథెన్స్ శాసనకర్త ఆడవాళ్ళు మొహాలు రక్కుకోకూడదనీ, వేరేవాళ్ళ ఇంటి చావుకెళ్ళి శోకాలు పెట్టకూడదనీ, శవాన్ని మర్నాడు తెల్లారకముందే ఎత్తేయాలనీ రూళ్ళు పెట్టాడు. డబ్బున్న వంశాలు చావుని బలప్రదర్శన చేసుకోకుండా ఇదంతా. మన దగ్గర సంతాప సభల ఫ్లెక్సీలు సెంటర్లో ఎంత పొడవు కడతారో చూసినవాళ్ళకి సోలోన్ బాధ అర్థమవుతుంది.

పర్షియన్లు ఊరు తగలబెట్టి వెళ్ళాక, క్రీ.పూ. 479లో గోడ హడావుడిగా కట్టాల్సొచ్చి, చేతికందిన రాయల్లా వాడేశారు, సమాధి రాళ్ళతో సహా. థ్యుసిడిడీస్ అనే ఏథెన్స్ చరిత్రకారుడు ఈ సంగతి రాశాడు, తవ్వకాల్లో ఆ గోడలోంచి నిజంగానే అలాంటి రాళ్ళు బయటపడ్డాయి. తాతల సమాధులు పీకి మనవళ్ళ కోసం గోడ. నాకు దీంట్లో తప్పేం కనిపించలేదు, కానీ ఆ పని చేస్తున్నవాళ్ళలో ఎవరికైనా తెలిసిన పేరు కనిపించి ఉంటే ఏం చేసి ఉంటారా అని మాత్రం అనిపించింది.

ఆ డెబ్భై ఏళ్ళూ చావు గౌరవం ప్రభుత్వం చేతిలో ఉంది. యుద్ధంలో పోయినవాళ్ళ ఎముకలు తెచ్చి, తెగకొకటి చొప్పున పది సైప్రస్ చెక్క పెట్టెల్లో పెట్టి ఊరేగించి, కెరమైకోస్ దారిలోనే పాతిపెట్టేవాళ్ళు. శవం దొరకనివాళ్ళ కోసం ఒక ఖాళీ పాడె కూడా మోసేవాళ్ళు. పేర్లు వరసగా పలక మీద, తెగల వారీగా. అక్కడే ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ ఆ ప్రసిద్ధ ప్రసంగం చేశాడు, స్పార్టాతో జరిగిన పెలొపొన్నీసియన్ యుద్ధం మొదటి ఏడాది పోయినవాళ్ళకి. అందులో భర్తలు పోయిన ఆడవాళ్ళతో ఒక మాటంటాడు: మంచైనా చెడైనా మగవాళ్ళ నోళ్ళలో మీ పేరు ఎంత తక్కువ నానితే మీకంత గొప్ప. అన్న మరుసటి ఏడాదే ఊళ్ళో మహమ్మారి పడింది, ఆ తర్వాతి ఏడాది అతనే పోయాడు. మనుషులు పిట్టల్లా రాలిపోతుంటే ఎవరో పేర్చుకున్న చితి మీద ఇంకెవరో తమవాళ్ళని పడేసి పారిపోయారని థ్యుసిడిడీస్ రాస్తాడు. 1990ల్లో మెట్రో కోసం కెరమైకోస్ అంచున తవ్వుతుంటే ఆ రోజుల నాటి ఒక పెద్ద గొయ్యి బయటపడింది. అడుగు వరసల్లో శవాల్ని కాస్త పద్ధతిగా పడుకోబెట్టారు, పైకి వచ్చేసరికి ఎలా పడితే అలా పడేశారు. అందులో పదకొండేళ్ళ పిల్ల పుర్రె ఒకటి మంచి స్థితిలో దొరికితే, దాని ఆధారంగా మొహం తయారుచేసి 2010లో ప్రదర్శనకి పెట్టారు. మిర్టిస్ అని పేరు పెట్టింది పరిశోధకులు. సొంత పేరు ఎవరికీ తెలీదు. మొహం దొరికింది, పేరు దొరకలేదు, ఫ్రాసిక్లియాకి సరిగ్గా ఉల్టా.

ఆ శవాల్ని గోతిలో పడేసిన తరంలోనే సమాధి శిల్పాలు మళ్ళీ మొదలయ్యాయి. అక్రోపోలిస్ మీది పార్థినాన్ గుడి పని అయిపోయి శిల్పులు ఖాళీగా ఉన్నారు అనేది ఒక కారణం, గోతుల్లో పడేసిన అపరాధ భావం ఇంకో కారణం కావచ్చు. ఏదైతేనేం, అంఫరెటే రాయి సరిగ్గా ఈ సమయానిదే. ఇక అక్కడ్నుంచి దారి పక్కన వరసగా ఆడవాళ్ళ పేర్లే. పెరిక్లీస్ వద్దన్న పని పాలరాతి మీద చేసి చూపించారు.

వాటిలో అందరూ మెచ్చుకునేది హెగెసో రాయి. 1870లో కెరమైకోస్‌లో దొరికింది, క్రీ.పూ. 400 కాస్త అటూఇటూ. కుర్చీలో కూర్చున్న హెగెసో, ఎదురుగా నగల పెట్టె పట్టుకుని నిలబడ్డ పనిపిల్ల. హెగెసో పెట్టెలోంచి ఒక నగ తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసుకుంటోంది. దగ్గరికెళ్ళి చూస్తే ఆ వేళ్ళ మధ్య ఏమీ లేదు. నగని చెక్కలేదు, రంగుతో వేశారు, రంగు పోయింది. ఇప్పుడు ఇద్దరూ తలలు వంచి ఏమీ లేని చోటు వంక అంత శ్రద్ధగా చూస్తున్నారు. పైన ఆవిడ పేరూ తండ్రి పేరూ: హెగెసో, ప్రోక్సెనోస్ కూతురు. చేతి మీద వేలాడే బట్ట అంచు పల్చదనం ఎంతసేపు చూసినా తనివి తీరదు, ఒప్పుకుంటాను. కానీ నేను ఎక్కువ చూసింది పనిపిల్లనే. జుట్టుకి గుడ్డ కట్టుకుని, పొడుగు చేతుల సాదా అంగీ వేసుకుని ఉంటుంది. తను నిలబడి, యజమానురాలు కూర్చుని ఉన్నా ఇద్దరి తలలూ దాదాపు ఒకే ఎత్తులో పెట్టాడు శిల్పి. పేరు రాసే కమ్మీ మీద ఖాళీ ఉంది. ఆ పిల్ల పేరు రాయలేదు.

ఈ రాళ్ళలో ఎక్కడా చావు కనిపించదు, నాకు మొదట్లో అదే వింతగా ఉండేది. జబ్బు లేదు, మంచం లేదు, ఏడుపు లేదు. అంతకు మూడొందల ఏళ్ళ ముందు సమాధుల మీద పెట్టిన మనిషెత్తు కుండల మీదైతే శవాన్ని పడుకోబెట్టి చుట్టూ జుట్టు పీక్కుంటున్న జనాన్ని గీసేవాళ్ళు. ఈ పాలరాళ్ళకి వచ్చేసరికి అంతా మామూలు రోజు. నగ చూసుకోవడం, పిట్టని చూపించడం, చేతిలో చెయ్యి వేసి నిలబడటం. చేతులు కలిపిన రాళ్ళ దగ్గర పోయింది ఎవరు, ఉన్నది ఎవరు అన్నది కూడా తెలీదు, ఇద్దరూ ఒకేలా ఉంటారు. ఇంట్లో ఒకరు పోతే గుర్తొచ్చేది కూడా ఆఖరి రోజు ఆసుపత్రి కాదు, ఏదో ఒక పనికిమాలిన మధ్యాహ్నం.

పేరు పిచ్చి పరాకాష్ఠకి చేరింది డెక్సిలియోస్ దగ్గర. ఇరవై ఏళ్ళ గుర్రపు రౌతు, క్రీ.పూ. 394లో కోరింత్ యుద్ధంలో పోయాడు. ఎముకలు ప్రభుత్వ సమాధిలో ఉన్నాయి, పేరు ప్రభుత్వం వేయించిన జాబితాలో ఉంది. అయినా ఇంట్లోవాళ్ళు ఊరుకోలేదు, కుటుంబ స్థలంలో, దారి మలుపు దగ్గర అందరికీ కనిపించేలా, ఇంకో రాయి పెట్టించారు, కింద మనిషి లేకపోయినా. గుర్రం పైకి లేచి ఉంది, కింద శత్రువు పడి ఉన్నాడు, చేతిలో ఈటె, కళ్ళేలు కంచువి, అవి పోయి కన్నాలు మిగిలాయి. రాత చాలా వింతగా ఉంటుంది: ఎవరు పాలకుడుగా ఉన్న ఏడాది పుట్టాడు, ఎవరు పాలకుడుగా ఉన్న ఏడాది పోయాడు, రెండూ. ఏథెన్స్ సమాధుల మీద పుట్టిన ఏడాది రాసే అలవాటే లేదు. పదేళ్ళ ముందు ముప్పైమంది నియంతలు ఊరిని పీడించినప్పుడు రౌతులు వాళ్ళ పక్షాన ఉన్నారనే మచ్చ ఉండేది. మావాడు అప్పటికి పదేళ్ళ పిల్లాడు, వాడికేం సంబంధం లేదు అని లెక్క వేసి చూపించడానికే ఆ ఏడాది చెక్కించారని పండితులు అంటారు. కొడుకు పోయిన ఇంట్లో కూర్చుని ఎవరో ఈ లెక్క ఆలోచించి ఉంటారు కదా, ఊరు ఏమనుకుంటుందో అని. మా మామయ్య లాంటివాడే ఎవరో అయి ఉంటాడు.

అన్నిట్లోకీ గొప్ప శిల్పం నా దృష్టిలో హెగెసోది కాదు, ఇలిస్సోస్ రాయి. ఒక యువకుడు మన వంక చూస్తూ ఉంటాడు, కాళ్ళ దగ్గర కుక్క నేల వాసన చూస్తోంది, ఒక చిన్న పనిపిల్లాడు ముడుచుకుని కునుకు తీస్తున్నాడు. పక్కన ముసలి తండ్రి, కర్ర ఆనించుకుని, చెయ్యి గడ్డం దగ్గర పెట్టుకుని, కొడుకు వంకే చూస్తున్నాడు. కొడుకు మాత్రం ఆయన వంక చూడడు. ఎదురెదురుగా ఉన్నారు, మధ్యలో జానెడు దూరం లేదు, ఆ చూపు అవతలికి అందడం లేదు. క్రీ.పూ. 340-330 ప్రాంతంలో చెక్కింది, 1874లో ఇలిస్సోస్ నది పాయలో దొరికింది. చుట్టూ ఉండాల్సిన చట్రం పోయింది, దానితో పాటు పేరూ పోయింది. ఇంత పని పెట్టి చెక్కించుకున్న ఆ ఇంటివాళ్ళ అబ్బాయిని ఇప్పుడు అందరూ నది పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆ తండ్రికి తెలిస్తే ఏమయిపోతాడో.

సమాధి పెట్టాక వాళ్ళు చేసేవీ మనకి తెలిసినట్టే ఉంటాయి. మూడో రోజు, తొమ్మిదో రోజు, ముప్పయ్యో రోజు. చావు ఇంటి గుమ్మం బయట నీళ్ళ కుండ, బయటికొచ్చేవాళ్ళు చిలకరించుకోవడానికి. తర్వాత అందరూ కలిసి భోజనం. ఆడవాళ్ళు బుట్టలో రిబ్బన్లు, నూనె సీసాలు పెట్టుకుని వెళ్ళి, రాయి చుట్టూ రిబ్బన్లు కట్టి, నూనె పోసేవాళ్ళు. ఆ నూనె కోసం చేసిన తెల్లటి సన్నటి కూజాలు మ్యూజియం నిండా ఉన్నాయి, లెకిథోస్ అంటారు. అందులో కొన్నిటికి లోపల, మెడ కిందే, ఇంకో చిన్న గిన్నె అతికించి ఉంటుంది. బయటికి చూస్తే కూజా నిండా నూనె, నిజానికి లోపలి గిన్నెలో రెండు చెంచాలు. పోయినవాళ్ళ మీద ప్రేమ ఎంతున్నా నూనె ధర నూనె ధరే. ఇది చదివి మా ఆయన మ్యూజియంలో పైకి నవ్వాడు, ఆ కాపలా ఆవిడ ఈసారి ఫోన్ పక్కన పెట్టింది.

క్రీ.పూ. 330 తర్వాత సంగతి చెయ్యి దాటిపోయింది. నల్ల సముద్రం ఒడ్డున ఇస్ట్రోస్ నుంచి వచ్చి స్థిరపడ్డ నికెరాటోస్ అనే ఆయనకీ, అతని కొడుక్కీ కట్టిన సమాధి ఇప్పుడు పిరేయస్ మ్యూజియంలో ఉంది, ఎనిమిది మీటర్లకి పైనే, రెండంతస్తుల ఇల్లంత. బయటినుంచి వచ్చి నాలుగు డబ్బులు సంపాదించినవాళ్ళకి ఊళ్ళో వాళ్ళ కన్నా పెద్దది కట్టాలని ఉంటుంది, దీని మీద నేను ఎక్కువ మాట్లాడితే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నిలబడలేను. క్రీ.పూ. 317లో ఫలెరోన్ ఊరి డెమెట్రియోస్ అధికారంలోకి వచ్చి అన్నిటికీ ఒకేసారి అడ్డుకట్ట వేశాడు. ఇక శిల్పాలు లేవు. మూడు మూరలు దాటని చిన్న రాతి స్తంభం, లేదంటే ఒక బల్ల, లేదంటే ఒక తొట్టి. అంతే.

ఆ చిన్న స్తంభాలు కెరమైకోస్‌లో ఎక్కడ చూసినా ఉన్నాయి, మన రోడ్ల పక్కన కిలోమీటరు రాళ్ళలా. బొమ్మ లేదు, పద్యం లేదు. పైన ఒక చిన్న పట్టీ, దాని కింద పేరు, తండ్రి పేరు, ఊరు పేరు. ఆ తర్వాతి కాలపు రాళ్ళ మీద ఇంకో మాట కూడా కనిపిస్తుంది: ఖైరే. ఎదురుపడ్డప్పుడూ అదే మాట, విడిపోయేటప్పుడూ అదే మాట. మనం 'వెళ్తా' అనకుండా 'వెళ్ళొస్తా' అంటాం చూడండి, ఆ కుటుంబంలోదే.

ఆ రాత్రి హోటల్లో పడుకునే ముందు అంఫరెటే ఫొటో మా ఇంటి గ్రూపులో పెట్టి, కింద పద్యం తెలుగులో రాసి, చూడండి రెండు వేల నాలుగొందల ఏళ్ళ కిందటి అమ్మమ్మ అన్నాను. ఇండియాలో అప్పటికే అర్ధరాత్రి, అయినా మామయ్య నిమిషంలో చూసేశాడు.

'అమ్మమ్మ ఏంటే, కొత్త కోడలు పిల్లలా ఉంటేనూ.'

కాసేపటికి అమ్మ కూడా లేచినట్టుంది.

'రాశారు కదరా పైన. అమ్మమ్మే.'